నెలకు 100 యెన్ల ఇంగ్లిష్ మాస్టారు

మీ ఫోన్‌కి కూడా ఆ మెసేజ్ వచ్చే ఉంటుంది. జపాన్‌లో ఉద్యోగాలు, భాష మేమే నేర్పిస్తాం, వసతి ఉచితం. నంద్యాలలో బ్యాంకు కోచింగ్ క్లాసు అయ్యాక టీ కొట్టు దగ్గర నిలబడి దాన్ని ఒకసారి చదివి ఉంటారు. ఆళ్లగడ్డ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక మళ్లీ తీసి చదివి ఉంటారు. ఇంట్లో చెబితే అమ్మ మొదట అడిగేది జీతం సంగతి కాదు. అక్కడ మనవాళ్లెవరున్నారు అని.

ఎవరూ లేకుండానే జపాన్ వెళ్లి, అక్కడే ఉద్యోగం వెతుక్కుని, పెళ్లి చేసుకుని, పేరు మార్చుకుని, ఆ మట్టిలోనే కలిసిపోయిన ఒక మనిషి కథ ఇది. పేరు లాఫ్కాడియో హెర్న్. జపాన్‌లో కొయిజుమి యాకుమో అంటే స్కూలు పిల్లలకూ తెలుసు. వాళ్ల దయ్యాల కథలకు, పాతకాలపు పల్లె కథలకు ప్రపంచంలో పేరు తెచ్చింది ఇతనే. ఇతని భార్య జీవితం ఆధారంగా అక్కడి ఎన్‌హెచ్‌కే టీవీ 2025లో ఒక సీరియల్ మొదలుపెట్టింది.

హెర్న్ యోకొహామా రేవులో దిగింది 1890 ఏప్రిల్ 4న. (మన నంద్యాల జిల్లా ఏర్పడిందీ ఏప్రిల్ 4నే, 2022లో. తేదీ గుర్తుండటానికి పనికొస్తుంది.) అప్పటికి అతనికి నలభై నిండబోతున్నాయి. కుర్రాడేం కాదు. కానీ పరాయి దేశంలో ఒంటరిగా బతకడం నేర్చుకున్నది మాత్రం పంతొమ్మిదో ఏట. అక్కణ్నుంచి చెప్పుకుంటేనే తర్వాతి కథ అర్థమవుతుంది.

1850లో లెఫ్కాడా అనే గ్రీకు దీవిలో పుట్టాడు. ఆ దీవి పేరే అతని పేరయింది. తల్లి గ్రీకు, తండ్రి బ్రిటిష్ సైన్యంలో ఐరిష్ డాక్టరు. రెండేళ్ల పిల్లాడిగా ఉన్నప్పుడు ఐర్లండ్‌లోని డబ్లిన్ తీసుకొచ్చారు. తల్లికి ఆ ఊరు, ఆ చలి, ఆ భాష ఏవీ పడలేదు. పిల్లాడికి నాలుగేళ్లప్పుడు గ్రీసుకు తిరిగి వెళ్లిపోయింది. మళ్లీ కొడుకును చూడలేదు. తండ్రి ఆ పెళ్లి రద్దు చేసుకుని ఇంకొకామెను చేసుకున్నాడు, ఆమెతో కలిసి ఉద్యోగం మీద సికింద్రాబాద్ వచ్చేశాడు. అవును, మన సికింద్రాబాదే. 1866లో జ్వరంతో సూయజ్ దగ్గర ఓడలో చనిపోయాడు. ఆ తండ్రినీ హెర్న్ మళ్లీ చూడలేదు.

పెంచిన పెద్దావిడ దగ్గర డబ్బుండేది కాబట్టి చదువు సాగింది. కానీ అదే 1866లో, పదహారేళ్ల వయసులో, స్కూలు ఆటల్లో దెబ్బ తగిలి ఎడమ కన్ను పోయింది. మిగిలిన కన్నూ అంతంతమాత్రం. ఫొటోల్లో చూడండి, ఎప్పుడూ ముఖం ఒక పక్కకు తిప్పుకునో, తల దించుకునో ఉంటాడు. ఈలోగా పెద్దావిడ ఆస్తంతా బంధువు వ్యాపారంలో మునిగిపోయింది. ఫీజు కట్టేవాళ్లు లేక చదువు ఆగింది. 1869లో అమెరికాకు ఓడ టికెట్ చేతిలో పెట్టి, సిన్సినాటిలో ఫలానావాళ్లున్నారు, వెళ్లు అన్నారు. ఆ ఫలానావాళ్లు కొద్దిపాటి డాలర్లిచ్చి, ఇక నీ దారి నువ్వు చూసుకో అన్నారు.

డిగ్రీ లేదు, చేతిపని రాదు, కన్ను ఒకటే. గుర్రాలశాలల్లో పడుకున్న రోజులున్నాయి. చివరికి హెన్రీ వాట్కిన్ అనే ముసలి ప్రింటరు తన ప్రెస్సులో చోటిచ్చాడు. పరుపు అంటే కత్తిరించగా మిగిలిన కాగితం ముక్కల కుప్ప. అక్కడే అచ్చుపని నేర్చుకున్నాడు. రాత్రిళ్లు లైబ్రరీ పుస్తకాలు చదివి రాయడం నేర్చుకున్నాడు. 1872లో సిన్సినాటి ఎన్‌క్వైరర్ పత్రికలో చేరాడు. రెండేళ్లకు ఒక తోళ్ల కార్ఖానాలో జరిగిన హత్య మీద అతను రాసిన కథనం ఊరంతా చదివింది. పేరొచ్చింది.

పేరొచ్చిన ఏడాదే ఉద్యోగానికి ఎసరొచ్చే పనీ చేశాడు. అలెథియా ఫోలీ అనే నల్లజాతి యువతిని పెళ్లి చేసుకున్నాడు. పుట్టుకతో ఆమె బానిస. తెల్లవాళ్లకీ నల్లవాళ్లకీ పెళ్లి ఒహాయో చట్టం ప్రకారం చెల్లదు. సంగతి బయటపడ్డాక 1875లో పత్రిక అతన్ని తీసేసింది. ఇంకో పత్రిక తీసుకుంది గానీ ఆ కాపురం నిలవలేదు. 1877లో ఆమెను వదిలి న్యూ ఆర్లియన్స్ వెళ్లిపోయాడు. ఆ పెళ్లి చేసుకోవడంలో ధైర్యం ఉంది, ఆ వెళ్లిపోవడంలో లేదు. అతన్ని దేవుడిలా చూపించే వ్యాసాలు ఈ భాగం దాటేస్తుంటాయి.

న్యూ ఆర్లియన్స్‌లో డెంగీ జ్వరం పట్టుకుంది, ఆకలి పట్టుకుంది. 1879లో ఏది తిన్నా అయిదు సెంట్లే అని ఒక చిన్న హోటల్ పెట్టాడు. పేరు హార్డ్ టైమ్స్, అంటే కష్టకాలం. పేరు పెట్టిన వేళావిశేషమేమో, కొద్ది రోజులకే భాగస్వామి గల్లాపెట్టె డబ్బుతో ఉడాయించాడు. మళ్లీ పత్రికలే దిక్కయ్యాయి. ఆ ఊళ్లో పదేళ్లున్నాడు. 1884-85లో అక్కడ పెద్ద ఎగ్జిబిషన్ జరిగింది. జపాన్ విభాగం గురించి రాయడానికి వెళ్లి, దాన్ని చూసుకునే హత్తోరి ఇచిజో అనే అధికారితో గంటలు గంటలు మాట్లాడాడు. ఆ పరిచయం అయిదేళ్ల తర్వాత అతనికి అన్నం పెట్టింది.

చేతిలో ఉన్న పని వదిలేసి

జపాన్‌కు అతను వెళ్లింది ఉద్యోగానికి కాదు. హార్పర్స్ అనే అమెరికా పత్రికాసంస్థ కోసం వ్యాసాలు రాయడానికి. తోడుగా బొమ్మలు వేసే చిత్రకారుణ్ని పంపారు. వ్యాసాలు హెర్న్‌వి, వాటికి బొమ్మలు ఆయనవి. దారిలో తెలిసిన సంగతి ఏమిటంటే, బొమ్మలాయనకు తనకన్నా ఎక్కువ డబ్బు ముట్టబోతోంది. యోకొహామాలో దిగాక హెర్న్ ఘాటుగా ఉత్తరం రాసి ఆ సంబంధం తెంచేసుకున్నాడు.

కోపం న్యాయమైనదే. కానీ పరిస్థితి చూడండి. భాష రాదు, తెలిసినవాళ్లు లేరు, ఉన్న ఒక్క ఆదాయాన్నీ తానే కోసేసుకున్నాడు. మీకు ఇది సాహసంలా అనిపిస్తే ఒక్క నిమిషం ఆగండి. ఓడ ఎక్కకముందు అడగాల్సిన ప్రశ్న అతను ఓడ దిగాక అడిగాడు. నాకెంత, ఎప్పుడు, ఎవరిస్తారు, నా పక్కవాడికెంత? మీ వరకు వస్తే, మిమ్మల్ని పంపిస్తామనే ఏజెంటుకు విదేశాంగ శాఖ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. ఉద్యోగ ఒప్పందం మీరు చదవగలిగే భాషలో చేతికొచ్చాకే ఇంట్లో బంగారం బయటికి తియ్యండి.

హెర్న్‌ను ఒడ్డున పడేసింది ఇద్దరు. ఒకరు బేసిల్ హాల్ చాంబర్లేన్, టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీలో ప్రొఫెసర్. ఇంగ్లిష్ మనిషే అయినా జపనీస్ భాషలో దిట్ట. హెర్న్ ఆయనకు ఉత్తరం రాసి పని అడిగాడు. రెండోవారు ఎగ్జిబిషన్‌లో కలిసిన హత్తోరి. ఆయన ఇప్పుడు విద్యాశాఖలో ఉన్నారు. వీళ్ల పుణ్యమా అని మత్సుయే అనే ఊళ్లో ఇంగ్లిష్ టీచరు ఉద్యోగం దొరికింది. నెలకు 100 యెన్లు. స్థానిక టీచర్ల జీతాలతో పోలిస్తే అది చాలా పెద్ద మొత్తం. విదేశీ మాస్టార్లకు అప్పట్లో జపాన్ అలాగే ఇచ్చేది. ఈ జీతం సంగతి గుర్తుపెట్టుకోండి, కథలో మళ్లీ వస్తుంది.

మత్సుయే దేశానికి అవతలి పక్క, సముద్రానికి దగ్గర్లో ఉంటుంది. రైలున్నంత దూరం రైల్లో వెళ్లాడు. ఆ తర్వాత రోజుల తరబడి మనుషులు లాగే రిక్షాల్లో కొండలు దాటాలి. నంద్యాల నుంచి నల్లమల దాటి గిద్దలూరు వెళ్లే ఘాట్‌ను బస్సు లేని రోజుల్లో ఊహించుకోండి, అలాంటిదే. తోడుగా దుబాసీగా ఒక విద్యార్థి ఉన్నాడు. దారిలో ఒక పల్లెలో రాత్రి ఆగితే గుడి ముందు ఆడవాళ్లు వలయంగా తిరుగుతూ నెమ్మదిగా నాట్యం చేస్తున్నారు. చనిపోయిన పెద్దలు ఇంటికొచ్చే రోజులవి, మన పెద్దల పండగ లాంటిది. హెర్న్ ఆ రాత్రి చూసిందంతా రాసుకున్నాడు. ఆ వ్యాసాన్ని ఈరోజుకీ చదువుతారు.

మత్సుయేలో అతనికి దొరికిన అదృష్టం నిషిదా సెంతారో. అదే స్కూల్లో టీచరు, ఇంగ్లిష్ వచ్చినవాడు. ఇల్లు వెతకడం, జబ్బు చేస్తే డాక్టరు, ఎక్కడికి వెళ్లాలన్నా అనుమతి కాగితం, అన్నీ ఆయనే చూశాడు. విదేశీయులు కొన్ని రేవు పట్నాలు దాటి లోపలికి వెళ్లాలంటే అప్పట్లో ప్రత్యేక పాస్‌పోర్టు ఉండాలి. అమ్మ అడిగే ప్రశ్న ఉందే, అక్కడ మనవాళ్లెవరని, దానికి జవాబు ఇలాంటి సహోద్యోగే. ముందే ఉండరు. వెళ్లాక దొరకాలి.

హెర్న్ ఇంట్లో కిమోనో కట్టుకున్నాడు, నేల మీద కూర్చున్నాడు. తెల్లారే బియ్యం దంచే చప్పుడు, గుడిగంట, చెక్క వంతెన మీద వందల చెక్కచెప్పుల టకటకలు, ఇవన్నీ రాసుకున్నాడు. కన్ను బలహీనం కాబట్టే కాబోలు, అతని రాతలో చూసినదానికన్నా విన్నది ఎక్కువ ఉంటుంది. విద్యార్థులు సాయంత్రాలు ఇంటికొచ్చి కబుర్లు చెప్పేవాళ్లు. దగ్గర్లోని ఇజుమో మహాక్షేత్రంలో లోపలి గుడిదాకా వెళ్లనిచ్చిన మొదటి పాశ్చాత్యుడు ఇతనే. అదీ నిషిదా రాసిచ్చిన పరిచయ లేఖతోనే.

1891 మొదట్లో ఇంటిపని చూసుకోవడానికి కొయిజుమి సెత్సు అనే ఆమె వచ్చింది. 1868లో పుట్టింది. ఒకప్పటి సమురాయ్ కుటుంబం, పాలన మారాక చితికిపోయింది. మగ్గం నేసి ఇంటివాళ్లను పోషించేది. మొదటి భర్త వదిలేసి పోయాడు. ఆమెకు ఇంగ్లిష్ రాదు, ఇతనికి జపనీస్ రాదు. ఇద్దరూ ఆలుమగలయ్యారు.

మత్సుయే చలి హెర్న్ ఒంటికి పడలేదు. అదే ఏడాది నవంబరులో దక్షిణాన కుమమొతోకు మారాడు. అక్కడి ప్రభుత్వ కాలేజీలో 200 యెన్లు. ప్రిన్సిపాల్ ఎవరో తెలుసా? జూడో విద్యను స్థాపించిన కానో జిగోరో. జీతం రెట్టింపైంది, తినే నోళ్లు అంతకన్నా పెరిగాయి. సెత్సు తల్లిదండ్రులు, పెద్దవాళ్లు, పనివాళ్లు, అందరూ ఆ ఒక్క జీతం మీదే. 1893లో కొడుకు పుట్టాడు. గల్ఫ్ నుంచి ఇంటికి డబ్బు పంపే అన్న మీ వీధిలో ఎవరైనా ఉంటే ఈ లెక్క మీకు విడమరిచి చెప్పక్కర్లేదు.

కుమమొతో అతనికి నచ్చలేదు. సైనిక పటాలాలు, కొత్త కట్టడాలు, ముభావంగా ఉండే సహోద్యోగులు. మత్సుయేలో జపాన్ అంటే స్వర్గం అని రాసిన మనిషే ఇక్కడ చాంబర్లేన్‌కు విసుగ్గా ఉత్తరాలు రాశాడు. మళ్లీ నెలకే ప్రేమగా రాశాడు. పరాయి దేశంలో మొదటి ఏడాది మోజు, రెండో ఏడాది చిరాకు చాలామందికి మామూలే. అతను రెండింటినీ దాచకుండా రాశాడు. 1894లో ఆ ఉద్యోగం వదిలి కోబే వెళ్లి ఒక ఇంగ్లిష్ పత్రికలో చేరాడు. కొన్ని నెలలకే మంచి కన్ను వాచి, చీకటి గదిలో పడుకోవాల్సి వచ్చింది. పత్రిక పని మానేశాడు.

పేరు మార్చుకున్న వెల

ఇక్కడ అసలు చిక్కు వచ్చింది. హెర్న్ కాగితాల మీద బ్రిటిష్ పౌరుడు. సెత్సును చట్టప్రకారం భార్యగా నమోదు చేస్తే ఆమె కూడా విదేశీయురాలైపోతుంది. జపాన్‌లో పొలమో ఇల్లో ఆమె పేరున ఉండటానికి వీల్లేదు. నమోదు చెయ్యకపోతే అతను చనిపోయిన మర్నాడు భార్యకూ కొడుక్కూ చట్టంలో నిలబడే హక్కు ఉండదు. ఒంటికంటితో, నలభై అయిదేళ్ల వయసులో, ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్న మనిషికి ఇది రాత్రిళ్లు నిద్ర పట్టనిచ్చే విషయం కాదు.

మూడో దారి ఒకటుంది. తానే జపాన్ పౌరుడైపోవడం. అలా అయితే ఇంకో నష్టం. విదేశీ మాస్టారికి విదేశీ జీతం, జపాన్ మాస్టారికి జపాన్ జీతం. పౌరుడు కాగానే మనిషి అదే, చదువు అదే, పాఠం అదే, జీతం మాత్రం తగ్గొచ్చు. ఈ సంగతి తెలిసే అతను సంతకం పెట్టాడు. 1896 ఫిబ్రవరిలో భార్య కుటుంబంలోకి దత్తుగా, ఒకరకంగా ఇల్లరికంగా, వెళ్లి కొయిజుమి యాకుమో అయ్యాడు. యాకుమో అంటే ఎనిమిది మేఘాలు. ఇజుమో సీమకు పాతకాలం నుంచి ఉన్న విశేషణం అది.

ఆ ఏడాదే టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీ పిలిచింది. సాహిత్య విభాగం పెద్ద తోయామా మసకజు అతని పుస్తకాలు చదివి, విదేశీయుల జీతమే ఇప్పించాడు. నెలకు 400 యెన్లు. కాలేజీ మెట్లెక్కని మనిషి దేశంలోకెల్లా పెద్ద యూనివర్సిటీలో ఇంగ్లిష్ సాహిత్యం చెప్పాడు. విద్యార్థులు రాసుకోగలిగేలా ఒక్కో మాటా నెమ్మదిగా చెప్పేవాడు. ఆయన పోయాక ఆ నోటుపుస్తకాల నుంచే అమెరికాలో లావుపాటి సంపుటాలు అచ్చయ్యాయి.

(అన్నట్టు, హెర్న్ టోక్యోలో పాఠాలు చెబుతున్న రోజుల్లోనే, 1898లో, బొంబాయి ప్రభుత్వంలో పనిచేస్తున్న మన మోక్షగుండం విశ్వేశ్వరయ్య జపాన్ చూడటానికి వెళ్లారు. ఆయన పూర్వికుల ఊరు మోక్షగుండం గిద్దలూరు వైపే, నల్లమలకు అవతల.)

1900లో తోయామా చనిపోయాడు. 1903లో యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. ఒప్పందం పొడిగించడం లేదు. విద్యార్థులు ఊరుకోలేదు, గొడవ చేశారు. అప్పుడు తక్కువ గంటలు, తక్కువ జీతం అని కొత్త బేరం వచ్చింది. అతను ఒప్పుకోలేదు. ఏడేళ్ల క్రితం కుటుంబం కోసం పెట్టిన సంతకం ఇప్పుడు జీతంలో కోతగా వచ్చిందని అతను నమ్మాడు. యూనివర్సిటీ వైపు నుంచి చూస్తే వాళ్లకూ ఒక కారణం ఉంది. ఖరీదైన విదేశీ మాస్టార్ల స్థానంలో, విదేశాల్లో చదివొచ్చిన సొంత మనుషుల్ని పెట్టుకోవాలన్నది అప్పటి జపాన్ పట్టుదల. హెర్న్ పాఠాల్లో కొన్నిటిని అందుకున్నది లండన్ నుంచి అప్పుడే తిరిగొచ్చిన నత్సుమే సోసెకి. తర్వాత జపాన్ ఆధునిక నవలకు ఆయనే పెద్ద పేరయ్యాడు. ఆ ఖాళీలోకి రావడం సోసెకికీ ఇబ్బందిగానే ఉండిందట. ఇద్దరిలో ఎవరూ చెడ్డవాళ్లు కాదు. ఉద్యోగం మాత్రం ఒకటే.

అవ్వ చెప్పే కథ

ఉద్యోగం పోయిన ఆ రోజుల్లోనే అతని గొప్ప పుస్తకం క్వైదాన్ తయారైంది, 1904లో వచ్చింది. దయ్యాల కథలు, వింత కథలు. దీన్నే 1964లో మసాకి కొబయాషి సినిమాగా తీశాడు, కాన్ చలనచిత్రోత్సవంలో బహుమతి వచ్చింది. ఆ పుస్తకం వెనక సెత్సు ఉంది. ఆమె పాత పుస్తకాల దుకాణాలు తిరిగి కథలు వెతికి తెచ్చేది. రాత్రి దీపం తగ్గించి చెప్పేది. పుస్తకం చూసి చదివితే అతను ఒప్పుకునేవాడు కాదు. పుస్తకం మూసి, నీ మాటల్లో, నీకు తోచినట్టు చెప్పమనేవాడు. భయమేసే చోట మళ్లీ చెప్పించుకునేవాడు. ఆ అడుగుల చప్పుడు ఎలా ఉంటుంది, ఆ మనిషి ఆ మాట ఏ గొంతుతో అని ఉంటుంది అని అడిగేవాడు.

సంక్రాంతి వెళ్లాక అహోబిలం నరసింహస్వామి పారువేటకు బయల్దేరి ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో నెలకు పైగా తిరుగుతాడు, తన పెళ్లికి రమ్మని పిలవడానికి. చెంచులక్ష్మిని చేసుకున్నాడు కాబట్టి చెంచులకు ఆయన అల్లుడు. మీ అవ్వ ఈ కథ చెబుతుంటే మీరు సగంలో లేచి ఫోన్ చూసుకున్న రోజులు ఎన్ని? 1890ల్లో జపాన్ కుర్రాళ్లూ అంతే. వాళ్లకు రైళ్లు, తుపాకులు, ఇంగ్లిష్ గ్రామర్ కావాలి. పాత కథలు పల్లెటూరి సరుకు. పరాయివాడొకడు వచ్చి కూర్చుని వింటుంటే వాళ్లకే వింతగా ఉండేది.

ఇంతకీ అతనికి జపనీస్ ఎంత వచ్చు? పద్నాలుగేళ్లున్నా పత్రిక చదవడం రాలేదు. కటకానా లిపిలో చిన్న ఉత్తరాలు రాయగలడు. వేసవుల్లో యైజు అనే జాలర్ల ఊరికి పిల్లలతో వెళ్లి, అక్కణ్నుంచి సెత్సుకు అలాగే రాసేవాడు. ఇంట్లో వాళ్లిద్దరిదీ వేరే భాష. ప్రత్యయాలు ఉండవు, క్రియ ఎక్కడ పడితే అక్కడ, కాలాలు కలగాపులగం. ఇంట్లోవాళ్లు దాన్ని హెర్న్‌గారి భాష అనేవాళ్లు. దయ్యాల కథలన్నీ ఆ భాషలోనే దాటొచ్చాయి. దీన్ని చూసి వ్యాకరణం వదిలెయ్యకండి. 2019 నుంచి జపాన్ ఇస్తున్న నైపుణ్య వీసాలో చాలా పనులకు భాషలో ఎన్4 స్థాయి గానీ దానికి సమానమైన పరీక్ష గానీ అడుగుతున్నారు. ఆ వీసా మీద మనవాళ్లు వెళ్లడానికి రెండు ప్రభుత్వాల మధ్య 2021లో ఒప్పందమూ ఉంది. పైగా హెర్న్‌కు లేని వెసులుబాటు మీకుంది. జపనీస్ వాక్యంలో క్రియ చివర్లో వస్తుంది, అచ్చం తెలుగులో లాగే.

1904 వసంతంలో వాసెదా యూనివర్సిటీ అతన్ని తీసుకుంది. ఆ పాఠాలు కొన్ని నెలలే సాగాయి. సెప్టెంబరు 26న గుండె ఆగి పోయాడు. యాభై నాలుగేళ్లు. టోక్యోలోని జోషిగయా శ్మశానంలో సమాధి ఉంది. ఆస్తి, పుస్తకాల హక్కులు ఏ తగాదా లేకుండా సెత్సుకూ నలుగురు పిల్లలకూ దక్కాయి.

మత్సుయేలోని మ్యూజియంలో అతని రాతబల్ల ఉంది. మామూలు బల్లకన్నా చాలా ఎత్తు, కాగితం కంటికి ఆనుకునేలా చేయించుకున్నాడు. సెత్సు ఇంగ్లిష్ నేర్చుకోవడానికి పెట్టుకున్న నోటుపుస్తకమూ మిగిలింది. అందులో ఒక్కో ఇంగ్లిష్ మాటా తన చెవికి వినిపించినట్టు, తన ఊరి యాసలో, కటకానాలో రాసుకుంది. మీరు రేపు ఒహాయో గొజాయిమసు అని తెలుగులో రాసుకుంటారే, అలాగే.